బుగులు

సోహార్ పోర్టు వెనక మా ఫైర్ స్టేషన్ల
గోడకు ఆన్చి తొమ్మిది జతల బూట్లు నిలబడి ఉంటయి,
ప్యాంట్లు వాటి మీదనే కుప్పగ జారి.
గంట మోగితే కాళ్ళు దూర్చి ఒక్క గుంజుడే.
కొత్తగ చూసెటోనికి
మనుషులు నిలబడ్డకాడనే మాయమైనట్టు కొడుతది.

నేను వాటిని లెక్కబెడుత.
పండే ముందు ఒకపారి, లేచినంక ఒకపారి,
నడుమ నీళ్ళకు లేస్తే ఇంకోపారి.
ఈ లెక్క మొన్న జూన్ల మొదలైంది.

ఫలజ్ దిక్కు లేబర్ క్యాబిన్. ఏసీ కాడ అంటుకున్నది.
తలుపు బయట చెప్పులు,
బడి పిల్లల తీరు వరుసగ.
లోపలికి పోతూ ఎందుకో లెక్కబెట్టిన. ఏడు జతలు.
ఆరుగురిని గుంజినం.
ఏడో జత నీలం హవాయి,
ఎడమ కాలిదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్నడు.
మళ్ళ దూరబోతుంటే ఖల్ఫాన్
నా వీపు మీది సిలిండర్ పట్టుకొని ఎనకకు ఇగ్గిండు.
కప్పు అప్పుడే కూలింది.
పానం కాపాడినందుకు
నెల రోజులు ఆయన మొఖం చూడలే నేను.

మా ఛాతీ మీద ఒక డబ్బి ఉంటది.
ముప్పై సెకన్లు మనిషి కదలకుంటే
వాడ వాడంత వినబడేటట్టు మొత్తుకుంటది.
డ్యూటీ దిగినంక తీసి చార్జింగ్‌ల పెడుతం.
బంక్ మీద పండి, ఫ్యాన్ రెక్కను చూసుకుంట
గంటలకు గంటలు కదల్లే నేను.
ఏదీ మొత్తుకోలే.
కింది బంక్ తిలక్ గురుంగ్ మాత్రం
కాలెత్తి పరుపు అడుగున ఒక్కటి తన్నెటోడు.
"దాయి?"
"ఆఁ."
అంతే. పావుగంటకు మళ్ళ తన్నుడు.

మస్కట్ నించి డాక్టరమ్మ ఫోన్ తెర మీదికొచ్చింది.
మంచిదే పాపం.
ఒకటి నించి పది దాకా, డర్ ఎంత, అని హిందీల అడిగింది.
డర్ కాదమ్మా. మంటతోని పద్నాలుగేండ్ల పొత్తు నాది.
ఏడుపా? అది రాదు.
నా నోట్లె ఉన్న మాటకు హిందీ లేదు,
అరబీ ఉంటే నాకు తెల్వది.
"నాలుగు" అన్న.
నాలుగు రాసుకున్నది.

ఆ పొద్దుమీకి పైపులు కడిగినం.
లోపలి నీళ్ళు పోవాలంటే
ముందటోడు భుజానికెత్తుకొని నడవాలె,
ఎనకటోడు చుట్టుకుంట రావాలె.
ఒకని మొఖం ఒకనికి కనబడది.
ఖల్ఫాన్ ఎనక నించి, వచ్చీరాని హిందీల:
"లింబాద్రీ, డాక్టర్‌కు ఎంత చెప్పినవ్?"
"నాలుగు."
"నేను గూడ నాలుగే చెప్పిన."
కొంత దూరం నడిచినం.
"నీ భాషల ఏమంటరు దాన్ని?"
"బుగులు."
"ఎట్లుంటది?"
రాత్రి కరెంటుకు పొలం కాడ పండుతవు.
మోటరు నడుస్తనే ఉంటది, నీకు వినబడనే వినబడది.
ఉన్నట్టుండి ఆగుతది.
అప్పుడు కడుపుల ఏదో జారుతది సూడు, గది.
పైపు సగం దాకా ఏం మాట్లాడలే ఆయన.
వాళ్ళ నాయిన చేపల పడవ ఇంజను
నడి సముద్రంల గట్లనే ఆగేదట.
ఇంకో నాలుగడుగులేసినంక అన్నడు:
"తలుపు కాడ నేను గూడ లెక్కబెట్టిన. ఏడు."

ఇప్పుడు షిఫ్టు మారినప్పుడల్ల
సిలిండర్ల గాలి చూస్తడు, మాస్కుల అద్దాలు చూస్తడు,
ఆఖరికి ఒక్కొక్కని ముందట నిలబడి
"బుగుల్?" అంటడు.
గురుంగ్ "థోడా" అంటడు, ఎప్పటికీ థోడానే.
పెషావర్ పిల్లగాడు జర్‌గుల్
రెండు నెలలు తల అడ్డం ఊపి, ఒకనాడు నిలువు ఊపిండు.
వాన్ని ఆ దినం పంపు కాడ ఉంచిన్రు.
ఎవడు నవ్వలే.
మబ్బుల కోళ్ళు బెదిరితే మా అవ్వ అనే మాట
ఒమన్ సముద్రం ఒడ్డున హాజరుల కలిసింది.

బూట్లను ఇప్పటికీ లెక్కబెడుత.
మొన్న నడిజామున లేచిపోతే
చీకట్ల వాటి ముందట ఇంకొకడు నిలబడి ఉన్నడు,
బట్టతల మీద ఎగ్జిట్ బల్బు పచ్చ వెలుగు.
"తొమ్మిది," అన్న నేను.
"తిస్ఆ," అన్నడు ఖల్ఫాన్.
పోయి పన్నం.